రా, రహ

కటక్‌లో ఆ ఉదయం మంచు ఇంకా విడలేదు.
బోర్డు మీద నా పేరు జి. నర్సు అని ఉంది,
గొంప అప్పలనర్సులో వాళ్ల పలకకి పట్టినంత.
అప్పటికది ఒరిస్సా. పర్లాకిమిడి నుంచి రంజీ జట్టుకి
మా వీధి ఎరిగినంతలో నేనే మొదటివాణ్ణి.
మా వీధి ఎంత,
రెండు కొమ్ముపని కొట్లూ ఒక పిండిమరా.

మా అయ్య గేదె కొమ్ముని సెగ మీద పట్టి
కొంగలాగ వంచేవాడు.
తొందరపడితే పగుల్తాది, ఆలీసమైతే మాడతాది,
అని ఆయన చెప్పింది కొమ్ము గురించే.
లేట్ కట్ నేను అక్కడే నేర్చుకున్నాను.

మహేంద్రతనయ దాటితే పాతపట్నం, ఆంధ్ర.
ఎండాకాలం ఆ సరిహద్దు మోకాలి లోతు కూడా ఉండదు.
అవతల సెలక్షన్‌కి వెళ్తే రేషన్ కార్డు చూసి
"నువ్వు ఒరిస్సావోడివి కదరా" అన్నారు.
ఇవతల కటక్ హాస్టల్లో
పేరు అడక్కుండానే "తెలింగా" అన్నారు.
కోపం లేదు.
ప్యాడ్లు కట్టుకున్నాక అందరి కాళ్లూ ఒక్కలాగే ఉంటాయి.

ఎదుటి ఎండ్‌లో సుయోధన్ బారిక్.
అక్కడ అది మామూలు పేరే, ముద్దుగానే పెట్టుకుంటారు.
భద్రక్ మనిషి. నా గ్లవ్స్ చిరిగితే తనవి ఇచ్చినవాడు.
ముందురోజు రాత్రి పఖాళ్‌లో పచ్చిమిరపకాయ నంజుకుంటూ
"మీ ఊళ్లో దీన్నేమంటారు" అని అడిగాడు.
చద్దన్నం, అన్నాను.
చొద్దొన్నొం, అన్నాడు.

నేను పదిహేడు దగ్గర ఉన్నాను.
అతను కొట్టిన బంతి పాయింట్ పక్కకి మెత్తగా పోయింది.
"రహ!" అని అరిచాడు.
ఆగు, అని.
నాకు ఒడియా రాదా? బడి అందులోనే చదివాను.
ఎక్కాలు ఇప్పటికీ ఒడియాలోనే చెప్పుకుంటాను.
కానీ చెవి బడికి పోలేదు.
వెనకాల అక్షరాన్ని గాలి తినేసింది,
నాకు మిగిలింది "రా".
అమ్మ అన్నానికి పిలిచిన రా.
ఏటి గట్టు మీంచి నేస్తాలు పిలిచిన రా.
పరిగెత్తాను.

సగం పిచ్ దగ్గర తలెత్తితే
అతను క్రీజు దాటనే లేదు.
రెండు చేతులూ ముందుకి చాపి ఉన్నాడు,
బండి కింద పడబోయే పిల్లవాణ్ణి తోసేస్తున్నట్టు.
వెనక్కి తిరిగాను. బెయిల్స్ నాకన్నా ముందు నేలకి చేరాయి.

స్కోరు పుస్తకంలో రనౌట్, పదిహేడు.
కారణం రాయడానికి అందులో గడి లేదు.
రెండో ఇన్నింగ్స్‌లో నా వంతు రాలేదు.
తర్వాతి మ్యాచ్‌లో నీళ్లు మోశాను.
ఆ తర్వాత నీళ్లు మోసే పని కూడా
సంబల్‌పూర్ కుర్రాడికి ఇచ్చారు.

ఇరవై రెండేళ్లు.
కొట్లో ఇప్పుడు నేనే కూర్చుంటాను.
కొంగలు పోతాయి, దువ్వెనలు పోవు.
సాయంత్రం కాలేజీ గ్రౌండ్‌లో గుంటలకి ఆట నేర్పుతాను,
తెలుగు గుంటలు, ఒడియా గుంటలు,
కొండ దిగొచ్చే సవర గుంటలు.
పరుగుకి నోటితో పిలవొద్దు, చెయ్యెత్తండి, అంటాను.
ఎందుకు సార్, అంటారు.
గొంతు ఎండిపోతుంది, అంటాను.

మొన్న ఫాల్గుణంలో సుయోధన్ వచ్చాడు,
బరంపురం బస్సులో, ఎవరిదో పెళ్లికని.
పొట్ట వచ్చింది, జుట్టు పోయింది.
మెట్టు మీంచే నన్ను పోల్చుకున్నాడు.
ఆపుకోలేక అరిచాను, "రా!"

అతను ఆగిపోయాడు.
ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు గాల్లో,
చేతిలో నూనె దిగుతున్న మిఠాయి పొట్లం.
వెనకనున్న ముసలమ్మ గంపతో అతని నడుములో పొడిచి
సవర మాటలో ఏదో తిట్టింది.
అదొక్కటీ మా ఇద్దరికీ
ఒకేలా అర్థమైంది.